రాత్రి చెమటలు: మన వంశవృక్షాల్లో ఎవరూ రాయని సంగతి

మన పెద్దవాళ్లు ఏ ఊరినుంచి వచ్చారు, ఎక్కడ దిగారు, మొదటి మగ్గం ఎవరు వేశారు, గుడికి ఎవరు ఎంత ఇచ్చారు, ఇవన్నీ మన ఇళ్లల్లో చెప్పుకుంటాం. ఇప్పుడు రాసుకుంటున్నాం కూడా. కానీ ఎవరికి ఏ జబ్బు చేసింది, దాని కారణం ఎట్ల కనుక్కున్నారు అనేది మాత్రం ఎవరూ రాయరు. అడిగితే "ఏదో జ్వరం వచ్చి పోయినాడులే" అంటారు. ఆ మనిషి కథ అంతటితో సరి.

ఈసారి అట్లాంటి సంగతి ఒకటి రాస్తున్నాను. మా ఇంట్లో రెండు తరాలవాళ్లను నిద్రలేపిన రాత్రి చెమటల గురించి. ఇందులో మా చిన్నతాత (మా తాతకు తమ్ముడు) ఉన్నాడు, మా మేనత్త ఉంది. మేనత్త "రాయరా, ఇంక దాచి ఏం చేస్తాం" అన్న తర్వాతే రాస్తున్నాను. మద్రాసు, వేలూరు, బెంగళూరు, పూనా, బరంపురం ఎక్కడ స్థిరపడిన తెలుగు ఇంట్లోనైనా ఇట్లాంటి కథ ఒకటి పెట్టె అడుగున ఉండే ఉంటుంది.

ఎండాకాలపు చెమట వేరు, ఈ చెమట వేరు

మా వాళ్లది గుడియాత్తం. చిత్తూరు సరిహద్దుకు దగ్గర, మగ్గాల ఊరు, లుంగీలకు పేరు. ఎండాకాలం వస్తే ఆ పక్క వేలూరు దాకా రాత్రిళ్లు ఉక్క ఎట్ల ఉంటుందో అక్కడి వాళ్లకు చెప్పనక్కరలేదు. మిద్దె మీద పడుకున్నా చెమటే. అందుకే మొదట్లో ఎవరూ దీన్ని జబ్బు అనుకోరు.

నేను చెప్పే చెమట అది కాదు. పగలంతా మనిషి బాగానే ఉంటాడు. పొద్దు వాలేసరికి ఒళ్లు కాస్త వెచ్చబడుతుంది. అన్నం సహించదు. రాత్రి రెండు, మూడు గంటలకు మెలకువ వచ్చేసరికి చొక్కా, దుప్పటి, దిండు తడిసి ముద్దయి ఉంటాయి. మార్గశిరం చలిలో కూడా అంతే. బట్టలు మార్చుకుని పడుకుంటే తెల్లారేసరికి ఒళ్లు చల్లగా, పిండేసిన గుడ్డలాగా ఉంటుంది. మళ్లీ సాయంత్రం వెచ్చదనం, మళ్లీ రాత్రి తడుపు. నెల గడిచేసరికి పంచె నడుముకు వదులవుతుంది.

ఇది రాత్రే ఎందుకు వస్తుందంటే, మన ఒంటి వేడి రోజంతా ఒకే మట్టంలో ఉండదు. సాయంత్రానికి కొంచెం పెరిగి, తెల్లవారుజాముకు అన్నింటికంటే తగ్గుతుంది. ఈ మట్టాన్ని మెదడులోని హైపోథాలమస్ అనే భాగం చూసుకుంటుంది. ఒంట్లో ఏదైనా క్రిమి దాక్కుని ఉంటే, దానితో పోరాడేందుకు మెదడు ఆ మట్టాన్ని పైకి లేపుతుంది. అదే జ్వరం. మట్టం మళ్లీ కిందికి దిగేటప్పుడు, ఉన్న వేడిని బయటికి తోయడానికి ఒళ్లు చెమట పోస్తుంది. అంటే చెమట జబ్బు కాదు, జబ్బు చేసే చప్పుడు. ఆ చప్పుడు ఎక్కడినుంచి వస్తుందో కనుక్కోవడమే అసలు పని. మన తాతల కాలంలో దానికి నెలలు పట్టేది. ఇప్పుడు కూడా కొన్నిసార్లు పడుతుంది.

మొదటి అనుమానం: చలిజ్వరం

మా అవ్వ చెప్పిన ప్రకారం చిన్నతాతకు మొదలైనప్పుడు ఇంట్లో వరసగా చేసినవి ఇవి. దిష్టి తీశారు. తాయెత్తు కట్టారు. నేలవేము కషాయం పోశారు (తమిళంలో నిలవేంబు అంటాం కదా, అదే). ఆ తర్వాత చలిజ్వరం అనుకుని క్వినైన్ ఇచ్చారు.

చలిజ్వరం అనుకోవడంలో తప్పేం లేదు. మలేరియాలో కూడా మొదట వణుకు, తర్వాత కాక, ఆఖరున ఒళ్లంతా తడిపే చెమట. ఈ మూడూ వరసగా వస్తాయి. దాని క్రిమిని 1880లో అల్జీరియాలో పనిచేస్తున్న ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ రక్తంలో చూశాడు. అది దోమలోకి ఎట్ల పోతుందో 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ కనిపెట్టాడు. రోగిని కుట్టిన దోమ పొట్ట గోడలో ఆ క్రిమి పెరగడం ఆయన సూక్ష్మదర్శినిలో చూశాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. అంతకుముందు దాకా చెడు గాలి వల్ల వస్తుందనే అందరి నమ్మకం. మలేరియా అనే మాటకు అర్థం కూడా అదే.

మందు మాత్రం కారణం తెలియక ముందునుంచే ఉంది. నీలగిరుల్లో 1860లనుంచి సింకోనా చెట్లు పెంచారు. ఊటీ దగ్గర నడువట్టంలో ప్రభుత్వ క్వినైన్ ఫ్యాక్టరీ ఉండేది. బ్రిటిష్ కాలంలో పోస్టాఫీసుల్లో కూడా క్వినైన్ పొట్లాలు అమ్మేవాళ్లు. అందుకే ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా ముందు చేతికి అందేది ఆ చేదు మందే.

అయితే మలేరియాకు ఒక లెక్క ఉంటుంది. ఎక్కువగా రోజు విడిచి రోజు వస్తుంది. ఒక రకంలో రెండు రోజులు విడిచి వస్తుంది. చిన్నతాతకు అట్ల రాలేదు. రోజూ సాయంత్రం కొంచెం వేడి, రోజూ రాత్రి చెమట. క్వినైన్ వేసుకున్నా చెవుల్లో గుయ్యిమని మోత తప్ప మార్పు లేదు. దగ్గు తర్వాత మొదలైంది. ఒక రోజు ఉమ్మిలో ఎర్రగా జీర కనిపించింది. ఇంట్లో పెద్దవాళ్లందరికీ అర్థమైంది. ఎవరూ నోరు తెరవలేదు.

క్షయ అనే మాట

ఎందుకు తెరవలేదో తెలియాలంటే ఆ పేరు దగ్గరికి పోవాలి.

దక్షుడికి 27 మంది కూతుళ్లు. అందరినీ చంద్రుడికిచ్చి పెళ్లి చేశాడు. చంద్రుడు రోహిణి ఒక్కదాన్నే ప్రేమగా చూసుకున్నాడు. మిగతావాళ్లు తండ్రితో చెప్పుకుంటే, దక్షుడు క్షయించిపొమ్మని చంద్రుడికి శాపం పెట్టాడు. ఈ కథ మనందరికీ తెలిసిందే. నక్షత్రాలకు రాజైన చంద్రుడికి వచ్చింది కాబట్టి ఆయుర్వేదంలో దీన్ని రాజయక్ష్మ అంటారు. తమిళంలో కాసనోయ్ అన్నా, కన్నడంలో క్షయ అన్నా అదే జబ్బు.

కథ అందంగా ఉంది కానీ అందులో ఒక మెలిక ఉంది. రోగం తప్పు చేసినవాడికి పడిన శిక్ష. ఎవరింట్లోనైనా క్షయ వచ్చిందంటే, "వాడు ఏం చేసినాడో" అని జనం అనుకునేందుకు ఆ కథ దారి చూపించింది. దానికి తోడు, ఒకే ఇంట్లో తండ్రికి, కొడుక్కి, కోడలికి వరసగా వస్తుంది కాబట్టి ఇది వంశంలో వచ్చే జబ్బని నమ్మకం. మన దగ్గరే కాదు, యూరప్‌లో కూడా చాలాకాలం అట్లాగే నమ్మారు.

1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ అనే వైద్యుడు ఆ నమ్మకానికి కత్తెర వేశాడు. క్షయకు కారణం ఒక బాక్టీరియా అని, దాన్ని రంగు వేసి చూపించవచ్చని, పెంచవచ్చని రుజువు చేశాడు. ఇప్పటికీ మార్చి 24ను ప్రపంచ క్షయ దినంగా పాటించేది అందుకే. ఇంట్లో ఒకరినుంచి ఒకరికి వచ్చేది రక్తసంబంధం వల్ల కాదు, ఒకే గదిలో పీల్చే గాలి వల్ల అని తేలింది.

బెర్లిన్‌లో తేలిన సంగతి గుడియాత్తంలో పెళ్లిచూపుల దాకా రావడానికి 70 ఏళ్లు చాలలేదు. మా ఇంట్లో అప్పుడు పెళ్లికి ఎదిగిన ఆడపిల్లలు ఇద్దరు. "వాళ్లింట్లో క్షయ ఉందంట" అనే మాట ఒక్కటి బయటికి పోతే ఆ సంబంధాలు ఏమవుతాయో అందరికీ తెలుసు. అందుకని చిన్నతాత ఊరికి పోయినాడని, ఉద్యోగమని చెప్పారు. ఆయన పోయింది మదనపల్లెకు.

ఆరోగ్యవరం

అప్పట్లో గుడియాత్తం నుంచి మదనపల్లెకు పోవాలంటే కాట్పాడిలో దిగి, మీటర్ గేజీ బండి ఎక్కి, పాకాల మీదుగా మదనపల్లె రోడ్ స్టేషన్‌కు పోవాలి. అక్కడినుంచి ఊరు ఇంకా దూరం. ఆ కాలంలో రెండు ఊళ్లూ మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చాక మదనపల్లె అటు పోయింది, మనం ఇటు మిగిలాం. రోగులకు మాత్రం ఆ గీత అడ్డం రాలేదు. తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం అన్నీ ఆ వార్డుల్లో వినబడేవని చిన్నతాత చెప్పేవాడట.

మదనపల్లె పక్కన ఉన్న ఆ చోటు పేరు ఆరోగ్యవరం. పేరు పెట్టినవాళ్లు ఎవరో గానీ మంచి తెలుగు పేరు పెట్టారు. దక్షిణ భారతంలో పనిచేసే అనేక క్రైస్తవ మిషన్లు కలిసి 1915లో అక్కడ యూనియన్ మిషన్ క్షయ శానటోరియం ప్రారంభించాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి మొదటి పెద్ద. ఆయన తర్వాత కొడుకు యోహానెస్ కూడా అక్కడే పనిచేశాడు. మదనపల్లె సముద్రమట్టానికి 2,000 అడుగులకు పైన ఉంటుంది. పొడి గాలి, చల్లటి రాత్రిళ్లు.

మందులు లేని రోజుల్లో శానటోరియం వైద్యం అంటే మూడే మాటలు: గాలి, తిండి, విశ్రాంతి. తలుపులు, కిటికీలు తెరిచి వరండాల్లో పడుకోబెట్టేవాళ్లు. పాలు, గుడ్లు పెట్టేవాళ్లు. నెలల తరబడి మంచం దిగనిచ్చేవాళ్లు కాదు. కొందరికి ఛాతీలోకి సూదితో గాలి ఎక్కించి, జబ్బుపడిన ఊపిరితిత్తిని ముడుచుకునేట్టు చేసేవాళ్లు. దానికి విశ్రాంతి దొరికితే పుండు మానుతుందని ఆలోచన. ఇంకొందరికి పక్కటెముకలు తీసేసే పెద్ద ఆపరేషన్లు కూడా చేసేవాళ్లు.

చిన్నతాత అక్కడినుంచి రాసిన కార్డులు రెండు మా ట్రంకు పెట్టెలో దొరికాయి. రెండింట్లోనూ కుశలప్రశ్నలు ఒక వరస, మిగతాదంతా అంకెలు. సాయంత్రం జ్వరం ఎంత, బరువు ఎన్ని పౌన్లు. ఒకదాని అంచున చిన్న అక్షరాలతో "రాత్రి చెమట పట్టి పదకొండు దినాలయింది" అని ఉంది. చదివితే మొదట అర్థం కాలేదు. మా నాయన చెప్పాడు: చెమట పట్టక పదకొండు రోజులయిందని ఆయన సంతోషంగా రాసిందది, పోస్టుమ్యాన్ చదువుతాడేమో అని "లేక" అనే మాట మింగేశాడు అని. ఇది నాయన ఊహే కావచ్చు. కానీ కార్డు కవర్‌లో పెట్టకుండా రాసేటప్పుడు అంత జాగ్రత్త ఆ ఇంట్లో అందరికీ అలవాటే.

తప్పు పేరు పెడితే ఏమవుతుంది: రామానుజన్ సంగతి

కారణం వెతకడం ఎంత కష్టమో తెలియడానికి మన తమిళనాడులోనే అందరికీ తెలిసిన ఒక మనిషి కథ ఉంది. గణిత శాస్త్రవేత్త శ్రీనివాస రామానుజన్. ఈరోడ్‌లో 1887లో పుట్టి, కుంభకోణంలో పెరిగి, 1914లో ఇంగ్లండుకు పోయాడు.

1917లో ఆయనకు జబ్బు చేసింది. రాత్రి వేళ జ్వరం వచ్చిపోయేది, బరువు తగ్గాడు. ఒక వైద్యుడు కడుపులో పుండన్నాడు, మరొకరు ఇంకోటన్నారు. ఆఖరికి క్షయ అని ఖాయం చేసి శానటోరియంలలో పెట్టారు. అందులో ఒకటి సోమర్సెట్‌లోని మెండిప్ హిల్స్ శానటోరియం. దాన్ని నడిపింది మనదేశం నుంచి పోయిన వైద్యుడు చౌరీ ముత్తు. తర్వాత డెర్బీషైర్‌లోని మాట్‌లాక్. కిటికీలు తెరిచి చలిగాలిలో ఉంచే వైద్యమే అక్కడ కూడా. 1919లో మద్రాసుకు తిరిగి వచ్చి, 1920 ఏప్రిల్ 26న చేత్‌పట్‌లో చనిపోయాడు. అప్పటికి ఆయనకు 32 ఏళ్లు.

1994లో డి. ఎ. బి. యంగ్ అనే ఆయన పాత ఉత్తరాలు, వైద్యుల మాటలు అన్నీ కలిపి చూసి, రామానుజన్‌ది క్షయ కాకపోవచ్చు, కాలేయంలో అమీబా వల్ల వచ్చిన జబ్బయి ఉండవచ్చు అని రాశాడు. ఇండియాలో ఉన్నప్పుడు ఆయనకు విరేచనాల జబ్బు వచ్చింది, ఆ క్రిమి కాలేయంలో ఏళ్ల తరబడి దాక్కోగలదు. అది నిజమే అయితే, అప్పటికే దానికి వైద్యం ఉంది. ఇప్పుడు ఎవరూ గట్టిగా తేల్చలేరు. కానీ రాత్రి జ్వరం, చెమట, బరువు తగ్గడం అనే మూడూ చూసి ఒక పేరు పెట్టేసి అక్కడితో వెతకడం ఆపితే ఏం జరగవచ్చో ఆ కథలో ఉంది.

చౌరీ ముత్తు తర్వాత ఇండియాకు వచ్చి 1928లో తాంబరం దగ్గర శానటోరియం పెట్టాడు. 1937లో దాన్ని మద్రాసు ప్రభుత్వం తీసుకుంది. చెన్నైలో లోకల్ ట్రెయిన్ ఎక్కేవాళ్లందరూ "తాంబరం శానటోరియం" స్టేషన్ పేరు రోజూ చూస్తారు. ఆ పేరు ఎందుకొచ్చిందో చాలామందికి తెలియదు.

చేత్‌పట్‌లో తేలిన నిజం

రామానుజన్ చనిపోయిన అదే చేత్‌పట్‌కు, 36 ఏళ్ల తర్వాత క్షయ చరిత్రను మార్చిన ఒక సంస్థ వచ్చింది.

ముందు మందుల సంగతి. 1943లో అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టారు. తర్వాత పాస్ అనే మందు వచ్చింది. 1952లో ఐసోనియాజిడ్ వచ్చింది. ఇది చవక, మాత్రగా మింగవచ్చు. ఒక్క మందే వేస్తే క్రిమి దానికి అలవాటు పడిపోతుందని, రెండు మూడు కలిపి నెలల తరబడి వాడాలని త్వరలోనే తెలిసింది. చిన్నతాతకు స్ట్రెప్టోమైసిన్ సూదులు దొరికాయి. దానికోసం మా ముత్తవ్వ గాజులు పోయాయని ఇంట్లో చెప్తారు. ఆయన బతికాడు.

కానీ దేశంలో క్షయ రోగులు లక్షల్లో ఉంటే శానటోరియం పడకలు వేలల్లో. మందు ఉన్నా పడుకోబెట్టే చోటు లేదు. మరి ఇంట్లోనే ఉంచి మందిస్తే? ఇరుకు ఇళ్లల్లో, సరైన తిండి లేకుండా, నయమవుతుందా? పక్కనున్న పిల్లలకు అంటుకోదా?

ఈ ప్రశ్నకు జవాబు కోసం 1956లో మద్రాసులో క్షయ కీమోథెరపీ కేంద్రం పెట్టారు. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి పెట్టిన సంస్థ ఇది. వాలెస్ ఫాక్స్ దాని పని చూసుకున్నాడు. నగరంలోని పేద ఇళ్లనుంచి వచ్చిన 193 మంది రోగులను తీసుకుని, ఎవరు ఇంట్లో ఉండాలో ఎవరు శానటోరియంకు పోవాలో చీటీ వేసినట్టు నిర్ణయించారు. ఇద్దరికీ ఒకే మందులు, ఐసోనియాజిడ్, పాస్, ఒక ఏడాది పాటు. శానటోరియంలో మంచి తిండి, విశ్రాంతి. ఇంట్లో ఉన్నవాళ్లకు ఆ రెండూ తక్కువే, చాలామంది పనికి కూడా పోయేవాళ్లు.

1959లో ఫలితం ప్రకటించారు. ఏడాది చివరికి శానటోరియంలో ఉన్నవాళ్లలో 92 శాతం మందికి, ఇంట్లో ఉన్నవాళ్లలో 86 శాతం మందికి జబ్బు అణిగింది. పెద్ద తేడా కాదు. ఇంటివాళ్లను 5 ఏళ్లు గమనించారు. రోగిని ఇంట్లో ఉంచుకున్నందువల్ల వాళ్లకు జబ్బు ఎక్కువగా రాలేదు. ఎందుకంటే ఇంట్లోవాళ్లకు అంటేది ఎక్కువగా మందు మొదలుపెట్టక ముందే. మందు పడిన కొద్ది రోజుల్లోనే క్రిమి వ్యాపించే శక్తి బాగా తగ్గిపోతుంది.

ఈ ఒక్క సంగతి ప్రపంచమంతా శానటోరియంలు మూసేయడానికి దారి తీసింది. 1959లోనే బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ వచ్చింది. 1962లో దేశమంతటికీ క్షయ కార్యక్రమం మొదలైంది. ఇప్పుడు చేత్‌పట్ సంస్థ పేరు జాతీయ క్షయ పరిశోధన సంస్థ.

నా లెక్కలో మాత్రం ఆ పరీక్ష చెప్పిన మాట మన ఇళ్లకు ఇంకా పూర్తిగా చేరలేదు. చిన్నతాత నయమై తిరిగొచ్చాక 30 ఏళ్లకు పైగా బతికాడు. మగ్గాల లెక్కలు రాసేవాడు. పెళ్లి చేసుకోలేదు, చేయలేదు. ఆయన కంచం, చెంబు, గ్లాసు చివరిదాకా వేరుగానే ఉన్నాయి. క్షయ కంచం వల్ల అంటదు. అంటే ప్రమాదం ఉన్న కాలం ఆయన దగ్గుతూ, రాత్రిళ్లు తడుస్తూ, చలిజ్వరమని అందరి మధ్యా పడుకున్న ఆ నెలలు. భయపడవలసిన రోజుల్లో ఎవరికీ తెలియలేదు, భయం అక్కరలేని 30 ఏళ్లు ఆయనను దూరం పెట్టారు.

మేనత్త చెమటలు

ఆ నెలల్లో అదే గదిలో పడుకున్న పిల్లల్లో మా మేనత్త ఒకరు. అప్పుడామెకు ఐదారేళ్లు. చిన్నాయన పక్కనే పడుకుని కథలు చెప్పించుకునేదట.

ఇప్పుడు ఆమెకు 80 దగ్గర పడుతోంది, చెన్నైలో కొడుకు దగ్గర ఉంటుంది. షుగర్ ఉంది. రెండేళ్ల క్రితం రాత్రి చెమటలు మొదలయ్యాయి. దగ్గు పెద్దగా లేదు. మొదట చెన్నై ఉక్క అనుకున్నారు. ఏసీ గదిలో కూడా నైటీ తడుస్తుంటే డాక్టర్ దగ్గరికి తీసుకుపోయారు. షుగర్ మాత్రల వల్ల రాత్రిపూట షుగర్ పడిపోతోందేమో అన్నారు. అది న్యాయమైన అనుమానమే. మాత్ర మార్చారు, రాత్రి రెండు గంటలకు వేలు గుచ్చి చూశారు, షుగర్ బాగానే ఉంది. థైరాయిడ్ చూశారు, మలేరియా చూశారు. అన్నీ సరిగానే ఉన్నాయి. "వయసు, మనసులో దిగులు" అని ఒక క్లినిక్‌లో నిద్రమాత్ర రాశారు. ఐదు నెలల్లో ఏడు కిలోలు తగ్గింది.

ఇంకో డాక్టరమ్మ ఒక ప్రశ్న వేసింది: "చిన్నప్పుడు మీ ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండేదా పాటీ?" అత్త వెంటనే "లేదమ్మా, మా ఇంట్లో ఎవరికీ లేదు" అంది. 70 ఏళ్ల క్రితం నేర్పిన జవాబు. ఎవరడిగినా అట్లాగే చెప్పమన్నారు, అట్లాగే చెప్పింది. పెళ్లయిన ఇంట్లో కూడా ఎప్పుడూ చెప్పలేదట.

వారం తర్వాత మా నాయన ఫోన్ చేసినప్పుడు ఈ సంగతి వచ్చింది. నాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అక్కా, చిన్నాయన సంగతి చెప్పినావా?" అన్నాడు. మరుసటి రోజు అత్త మళ్లీ పోయి చెప్పింది. ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ కనిపించింది. తెమడ రాకపోతే గొట్టం వేసి నమూనా తీశారు. క్రిమి జన్యువును పట్టే పరీక్షలో క్షయ అని తేలింది, మామూలు మందులకు లొంగే రకమేనని కూడా తేలింది. ఆరు నెలలు మాత్రలు వేసుకుంది. మొదటి నెల లోపలే చెమటలు ఆగిపోయాయి. ఇప్పుడు బాగుంది.

ఆ క్రిమి చిన్నతాత దగ్గరనుంచి వచ్చిందేనా అంటే, ఏ పరీక్షా చెప్పలేదని డాక్టరమ్మ స్పష్టంగా అంది. మధ్యలో ఎక్కడైనా అంటి ఉండవచ్చు. కానీ క్షయ క్రిమికి ఆ గుణం ఉంది. ఒంట్లోకి వచ్చాక ఏళ్ల తరబడి ఏ హానీ చేయకుండా నిద్రపోగలదు. వయసు మీదపడి, షుగర్ లాంటిది తోడై, ఒంటి బలం తగ్గినప్పుడు లేస్తుంది. చిన్నప్పటి ఇంటి సంగతి డాక్టర్లు అడిగేది అందుకే.

మన ఇళ్లల్లో చేయగలిగింది

రాత్రి చెమటలన్నీ క్షయ కావు. ముట్లు ఆగే వయసు ఆడవాళ్లకు ఇవి సాధారణం. థైరాయిడ్ ఎక్కువ పనిచేసినా, ఇన్సులిన్ వల్ల రాత్రి షుగర్ పడినా, దిగులుకు వాడే కొన్ని మందుల వల్ల కూడా వస్తాయి. పచ్చి పాలవల్ల వచ్చే బ్రుసెల్లా జ్వరం, గుండె కవాటాలకు పట్టే ఇన్ఫెక్షన్, హెచ్ఐవీ, లింఫోమా అనే క్యాన్సర్ కూడా ఇట్లాగే మొదలుకావచ్చు. అన్నీ చూసినా కారణం దొరకని వాళ్లూ ఉంటారు. వాళ్లు బరువు, జ్వరం రాసిపెట్టుకుంటూ మళ్లీ మళ్లీ చూపించుకోవాలి. చిన్నతాత కార్డుల్లో రాసినట్టే, తేదీ వేసి అంకెలు రాసుకుంటే డాక్టర్‌కు చాలా పని తప్పుతుంది.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమట, ఈ నాలుగింట్లో ఏది ఉన్నా క్షయ పరీక్ష అడగండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష, మందులు ఉచితం. మందులు వాడేవాళ్లకు తిండికోసం కేంద్ర ప్రభుత్వం నెలకు 1,000 రూపాయలు ఖాతాలో వేస్తుంది. చెమట ఆగిపోయిందని మాత్రలు ఆపకూడదు. ఆరు నెలలంటే ఆరు నెలలే.

ఇంకో పని మనలాంటి వంశచరిత్రలు రాసుకునే వాళ్లు చేయాల్సింది. ఇంట్లో 75 దాటిన వాళ్లను కూర్చోబెట్టి అడగండి. చిన్నప్పుడు ఇంట్లో ఎవరైనా చాలాకాలం దగ్గారా? ఎవరైనా మదనపల్లెకో, తాంబరానికో పోయి నెలలు ఉన్నారా? ఎవరి కంచం వేరుగా ఉండేది? "టీబీ ఉండేదా" అని అడిగితే "లేదు" అంటారు. కంచం సంగతి అడిగితే చెప్తారు.

మా వంశవృక్షంలో చిన్నతాత పేరు కింద ఇన్నాళ్లూ ఒక్క చుక్క కూడా లేదు. పెళ్లి కాలేదు, పిల్లలు లేరు, కాబట్టి కొమ్మ అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు నాయన, అత్త కలిసి ఆ పేరు కింద రెండు వరసలు రాయించారు: క్షయ వచ్చి ఆరోగ్యవరంలో వైద్యం చేయించుకుని నయమై వచ్చాడు, మగ్గాల లెక్క 30 ఏళ్లు రాశాడు. దాని పక్కన, అప్పుడు ఆ ఇంట్లో ఉన్న పిల్లల పేర్లన్నీ కూడా రాశారు. వాళ్లలో ముగ్గురు ఇంకా ఉన్నారు. ముగ్గురికీ ఫోన్ చేసి చెప్పాం.